జేజి తాగిన నీళ్లు

నా చిన్నప్పుడు నేను దయ్యాలకు భయపడేదాన్ని కాదు, మా నాయన కోపానికి భయపడేదాన్ని. ఆ పొద్దున ఆయన చేతిలో మచ్చుకత్తి కూడా ఉండింది.

మాది పుంగనూరు పక్క పల్లె. మెట్ల బాయి ఒకటి నాయనకూ చిన్నాయనకూ ఉమ్మడి. మోటారు వంతుల కాడ అన్నదమ్ములిద్దరికీ ఎప్పుడూ రగడే. ఆ బాయిలోనే ఒక మూల వలను పెద్ద సంచిలాగా కట్టి, అందులో నాయన చేపలు పెంచేవాడు. తవుడూ చెనక్కాయ చెక్కా చల్లేది నేనే. మేత ఎంత ఎక్కువ వేస్తే అంత బాగా పెరుగుతాయని నా నమ్మకం.

ఆ పొద్దున మెట్లు దిగేసరికి చేపలన్నీ నోళ్లు తెరుచుకొని నీళ్లపైన గుటకలేస్తా ఉండాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా తేలినాయి. పోయి నాయనకు చెప్పినాను. ముందురోజు చిన్నాయన టమోటా తోటకు మందు కొట్టి, ఆ మిషను బాయి పక్కనే కడిగినాడు. నాయనకు ఇంకేం కావాల! తమ్ముడే బాయిలో మందు కలిపినాడని, వాణ్ణి నరికే తీరతానని చూరులోంచి కత్తి లాగినాడు. అమ్మ కాళ్లు పట్టుకున్నా ఆగలేదు. చిన్నాయన ఇంటికి బాయి మీదుగానే పోవాల. నేను ఏడుస్తా వెనకాలే పరుగెత్తినాను.

మా జేజి, అంటే నాయన తల్లి, ఆ అరుపులు విని అప్పటికే వచ్చి మెట్ల మీద మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉండింది. కొడుకును పిలిచింది. ఆయన వినలేదు. వెంటనే వంగి, దోసిలి నిండా నీళ్లు ముంచి గటగటా తాగేసింది.

"తాగినా సూడు. మందుంటే ముందు నేను పోతా. అంతవరకన్నా నిలబడు."

నాయన కత్తితోనే మెట్లు దిగి ఆమె దగ్గరికి పోయినాడు. జేజి వల అంచు పైకి లాగి, నా వేలు పట్టి దాని కన్నుల్లో, అంటే అల్లిక సందుల్లో, దూర్చబోయింది. దూరలేదు. పాచీ, మిగిలి కుళ్లిన మేతా జిగురుగా అంటుకొని కన్నులన్నీ పూడిపోయినాయి. కొత్త నీళ్లు లోపలికి వచ్చే దావే లేదు.

"ఊపిరాడక సస్తాండాయప్పా. వల బయట కప్పపిల్లలు సూడు, ఎంత బాగా ఈదుతాండాయో. ఆ కత్తి ఈడికి తే, కట్లు కొయ్."

తమ్ముడి కోసం తెచ్చిన కత్తితోనే నాయన తాళ్లు కోసినాడు. జేజి కేకేస్తే చిన్నాయన వచ్చి, సంగతేందో తెలీకుండానే వల రెండో పక్క పట్టుకున్నాడు. బతికిన చేపలు బాయిలోకి జారిపోయినాయి. నాయన తలెత్తి తమ్ముణ్ణి చూడలేకపోయినాడు.

తర్వాత మా ఇంట్లో రెండు వలలుండేవి. ఒకటి నీళ్లలో ఉంటే ఇంకొకటి బండ మీద ఎండేది. పాచి ఎండి పొట్టుగా రాలిపోయేది. మేత కూడా తిన్నంతే చల్లమనేది జేజి.

జేజి ఆ నీళ్లు తాగిన రోజంతా నేను ఆమె కొంగు వదల్లేదు. ఆమె దగ్గినా నాకు ఏడుపొచ్చేది. మందు లేదని నీకు ముందే తెలుసు కదా జేజీ అని అడిగినాను.

"యాడ తెలుసమ్మా? వల పట్టుకొని సూసింది నీళ్లు తాగినాకనే గదా."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎవరి మీదనైనా నింద నాలుక చివరికి వచ్చినప్పుడు, నేను నోరు మూసుకొని ముందు వల ఎత్తి చూస్తాను.