పోలె రుచి కేకు

ఉగాది ముందురోజు దిల్‌సుఖ్‌నగర్ దుకాణంల ఒక కేకు ప్యాకెట్ చూసి నాకు ఒళ్లు మండింది. దాని మీద ‘పండుగ ప్రత్యేకం, పోలె రుచి’ అని రాసి ఉన్నది. శనగపప్పు ఉడకబెట్టకుండ, బెల్లం వేసి పూర్ణం రుబ్బకుండ బొబ్బట్టు, అదే మా పోలె, రుచి ఎక్కడినుంచి వస్తది? వాళ్ల అబద్ధం బయటపెట్టాలనే కొని, ఎల్బీ నగర్‌ల ఉన్న మా ఇంటికి తెచ్చిన.

మా ఇంటామెకు మణికట్టు నొప్పి. పూర్ణం రోట్లనే రుబ్బాలె, మిక్సీల వెయ్యొద్దని పెండ్లయిన నాటినుంచి నాది ఒకటే పట్టు. “గీ కేకు బాగుంటే గీసారి నేను రోలు ముట్ట” అన్నది. ఆ కేకు నా ముందర నిలవదని నా ధైర్యం.

నెయ్యి లేకుండ పోలె తినుడు మా ఇండ్లల్ల లేదు. అందుకని ఆమె కేకును పెనం మీద వేడి చేసి, గరిటెడు నెయ్యి పోసి పెట్టింది. ఒక ముక్క తిన్న. ఇంకో ముక్కకు చెయ్యి దానంతటదే పోయింది.

“ఎట్లున్నది?”

“నెయ్యి బాగున్నది.”

“నెయ్యి నాకు తెలుసు. కేకు సంగతి చెప్పు.”

“బాగనే ఉన్నది. కానీ పోలె కాదు.”

“అయితే పోలె కావాలన్నోడే రుబ్బుకోవాలె.”

పండుగ పొద్దున రోలు ముందర నేనే కూర్చున్న. ఆమె కుర్చీల కూర్చొని, మిగిలిన కేకు తినుకుంట, “ఇంకా పలుకులున్నయ్, జర గట్టిగ రుబ్బు” అని హుకుం చేసింది.

“నోట్ల కేకు పెట్టుకొని నా పూర్ణానికి వంక పెడతవా?” అన్న. ఇద్దరికీ నవ్వాగలేదు.