కాకికి చెప్పిన కారు కబురు

మా అన్న బోధన్‌లో చెరకు లారీ నడిపేవాడు. ఎన్నడూ ఎక్కని ఒక పెద్ద విదేశీ కారు కొత్త మోడల్ కోసం రోజూ ఫోన్‌లో వెతికేవాడు.

"కంపెనోళ్లు ముంగటి గ్రిల్లు జాలీ మార్వొద్దురా. ఇంజన్ గూడ గదే పెద్దది ఉండాలె. ఇంజన్ తీసి బ్యాటరీ పెడితే దాని పానం పోయినట్టే" అనేవాడు.

అన్న పోయిన మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టాం. తీరని కోరికుంటే కాకి ముట్టదంటారు. పిల్లల్ని చదివిస్తామన్నాం, వదినను చూసుకుంటామన్నాం. అది చెట్టు దిగలేదు. నాకు ఒళ్లు మండింది.

"అన్నా, నీ కారొచ్చింది! జాలీ మార్వలేదు, ఇంజన్ గూడ గదే!" అని అరిచాను.

కాకి దిగి ముద్ద ముట్టింది.

ఆ కారు ఇంకా రాలేదు. ఇప్పుడు ఫోన్‌లో రోజూ నేను వెతుకుతున్నాను, బ్యాటరీతో మాత్రం రావద్దని మొక్కుకుంటూ.