సూదిలో నీళ్లు

ఆ రోజు నేను బాపుకు అబద్ధం చెప్పి సూది వేశాను. సిరంజిలో ఉన్నవి మరిగించి చల్లార్చిన నీళ్లు. ప్రాణం తీసే మందని ఆయనను నమ్మించాను.

అప్పుడు నేను మంథని దవాఖానాలో కాంపౌండర్‌ని. మా ఇంట్లో నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బాపుకు గొంతులో రాచపుండు. ముదిరిపోయిందని, కోసినా లాభం లేదని హైదరాబాద్‌లో చెప్పి పంపేశారు. నాగలి పట్టిన మనిషి, గుక్కెడు గంజి మింగడానికి గోడ పట్టుకునేవాడు.

"పామునన్న సగం సంపి ఇడువరు కదరా. నన్నెందుకు ఇడుస్తున్నరు? నీ దగ్గర గన్ని మందులున్నయి," అని రోజూ అడిగేవాడు.

ఆ మాట మా డాక్టరుగారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నొప్పికి ఎంతన్న ఇస్త. పానం తీసేటందుకు ఇయ్య. ఇయ్యాల మీ బాపు అడుగుతుండు. రేపు ఇంకో ముసలాయన అడగకున్నా, అడిగిండని కొడుకొచ్చి జెప్తడు. అప్పుడు నేనేం జెయ్యాలె?"

నొప్పి మందు నిండుకుంది, కరీంనగర్ పోయి తేవాలి. రేపు, ఎల్లుండి అంటూ జరిపాను. నిజానికి బాపు పక్కన కూర్చోవడం కన్నా దవాఖానాలో సీసాలు కడగడమే నాకు సుళువుగా ఉండేది.

ఆ మధ్యాహ్నం ఆయన నా చెయ్యి వదల్లేదు. సరే అన్నాను. నమ్మితే కాసేపు నిద్రయినా పడుతుందనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

"జరాగు. నన్ను కిందెయ్యుండ్రి," అన్నాడు.

మంచం మీద పోకూడదని మా ఇళ్లలో పట్టింపు. అవ్వ చాప పరిచింది. ఆమె కూడా నమ్మింది. బాపు గోదావరి నీళ్లతో పెదవులు తడుపుకుని ఆమె వైపు తిరిగాడు.

"పెద్దపోరడు పోయిన నాడు తప్పంత నీదేనని కొట్టిన. తప్పు నాదే. మనసుల పెట్టుకోకు." పెద్దపోరడంటే చనిపోయిన మా అన్న.

"నేనెప్పుడో మరిచిన, ఊకో," అంటూ అవ్వ ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చింది.

అప్పుడైనా ఆగవలసింది. సూది పొడిచాను.

నిద్రపోయాడు. పొద్దు వాలే వేళకు కళ్లు తెరిచి ముందు ఇంటి దూలాన్ని చూశాడు, తర్వాత నన్ను.

"ఏమిచ్చినవ్‌రా?"

"నీళ్లు, బాపూ."

"మీ అవ్వకు అన్ని జెప్పుకున్న. గిప్పుడు ఏ మొఖం బెట్టుకొని గంజి అడగాలె?"

అవ్వ గంజి తెచ్చి పక్కన కూర్చుంది. ఆయన తువ్వాల ముఖం మీదికి లాక్కున్నాడు.

ప్రాణం తీసే సూదికి చట్టం ఒప్పుకోవాలో వద్దో నాకు ఇప్పటికీ తేలలేదు. బాపు మాటా తోసెయ్యలేను, డాక్టరుగారి మాటా తోసెయ్యలేను. కానీ బాపు నన్ను అడిగాడు. ఔననో కాదనో చెప్పే ధైర్యం లేక నీళ్ల సూది పొడిచాను.

మర్నాడు మొదటి బస్సుకు పెద్దపల్లి మీదుగా కరీంనగర్ పోయి మందు తెచ్చాను. సెలవు పెట్టి బాపు చాప పక్కనే ఉన్నాను. ప్రతిసారీ సూది వేసే ముందు సీసా ఆయన చేతికిచ్చి చెప్పేవాణ్ణి: "నొప్పికే, బాపూ. పానం తియ్యది."

రెండు రోజులు చూడకుండానే తిరిగి ఇచ్చాడు. మూడో రోజు సీసాను వెలుతురుకు పట్టి చూసి, సూది కోసం చెయ్యి చాపాడు.