ఇత్తడి గిన్నెలో కలివికాయలు

మా ఇంటి వెనక గుట్టలో, బండల సందున కలివి పొదలున్నాయి, వాక్కాయల్లాంటి పుల్లటి కాయలు. ముళ్లలోకి చెయ్యి దూర్చి కాయ తెంపితే తొడిమ నుంచి తెల్లటి పాలు కారి వేళ్లు జిగటవుతాయి. ఏటా మొదటి కోత అమ్మవారికి పెట్టాకే మా నోట్లో పడాలి. నాయన నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఈ నియమమూ ఆయన చెప్పిందే.

ఆ ఏడు చెల్లెలు కాన్పుకు ఇంటికొచ్చింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఏడో నెల పడింది. గురువారం సాయంత్రం నేను ఒడినిండా కాయలు తెస్తే గడపలోనే చెయ్యి చాచింది.

"ఒక్కటియ్యే అక్కా, నోరూరుతుంది."

"రేపు శుక్రారం. దేవికి పెట్టకుండ తింటరా? ఆగు."

"నీ దేవి నాలెక్క కడుపుతోనుందా ఏంది, ముందుగాల ఆమెకే కావాలె?"

ఇద్దరం నవ్వుకున్నాం. కాయలు చీల్చి, ఉప్పూ పసుపూ కలిపి నైవేద్యపు ఇత్తడి గిన్నెలో ఊరబెట్టాను. దేవుడికి మేము స్టీలు వాడం.

పొద్దున నైవేద్యమయ్యాక చెల్లెలు గిన్నెంతా ఖాళీ చేసింది. గంట కాలేదు, వాంతులు. కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. ఆటోలో రాయచూరు ఆస్పత్రికి పోతుంటే, "బిడ్డ కదుల్తలేదక్కా" అని దారిపొడవునా అదే మాట.

ఏం తిన్నదని డాక్టరమ్మ అడిగింది. "గుట్టమీది కాయలమ్మా. ఏ పురుగు ముట్టిందో ఏమో" అంది అమ్మ. నేనూ ఊఁ అనబోయాను. అంతలో, గిన్నె కడుగుతున్నప్పుడు అడుగున కనబడ్డ పచ్చటి చిలుము గుర్తొచ్చింది. దాని లోపలి తగరపు పూత, కలాయి, ఎన్నడో పోయింది. పులుపు ఇత్తడిలో ఉంచరాదని ఎరగనిదాన్నా? దేవుడి గిన్నె కదా, ఆ ఆలోచనే రాలేదు.

"కాయల తప్పు లేదమ్మా. కలాయి లేని ఇత్తడిల రాత్రంత నేనే పెట్టిన."

అమ్మ నావైపు చూడలేదు.

సాయంత్రానికి బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. గోడకు ఆనుకుని అమ్మవారికి దండం పెట్టుకున్నాను. చెల్లెలు కళ్లు తెరిచి, "ఇంకేమన్న మిగిలినయా?" అంది. నాకు నవ్వు రాలేదు.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, చక్కగా ఉంది. అమ్మవారి దయ మరువలేను. అయినా ఆ పిల్ల కడుపు నొప్పి అన్నప్పుడల్లా ముందు ఏ గిన్నెలో తిన్నావని అడుగుతాను. గిన్నెకు కలాయి పెట్టించాను గానీ పులుపు మళ్లీ వెయ్యలేదు. ఇప్పుడు మొదటి కాయను పొద దగ్గరే బండమీద పెట్టి మొక్కుతాను. కళ్లు తెరిచేసరికి పక్కన పిల్ల నోరు కదులుతూనే ఉంటుంది. ఆగమనను.