యాదగిరి కాలి కొలత

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, యాసంగి పంటకు నీళ్లు ఆపి సాగర్ ఎడమ కాలువను బందు పెట్టిన ఏప్రిల్ నెలలో, మా సంస్థ నన్ను సూర్యాపేట శాఖకు డైవింగ్ సూపర్‌వైజర్‌గా పంపింది. నీటి అడుగున చేయాల్సిన మరమ్మతులను కాంట్రాక్టుకు తీసుకునే ప్రైవేటు సంస్థ మాది. కాలువ తూముల షట్టర్లు, మంచినీటి బావుల్లో ఇరుక్కున్న పైపులు, రైసుమిల్లుల మురుగు ట్యాంకులు మా శాఖ కిందికి వచ్చేవి. సూపర్‌వైజర్ నీళ్లలోకి దిగడు. ఎవరు దిగాలి, ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు పైకి రావాలి అన్నది గట్టు మీద నిలబడి చెబుతాడు. ఆ విషయంలో అతని మాటే చివరి మాట. అంతకు ముందు ఇరవై ఏళ్లు నేనూ డైవర్‌నే కాబట్టి ఆ మాట బరువు ఎంతో నాకు తెలుసు.

నా కింద ఇద్దరు డైవర్లు ఉండేవారు. యాదగిరిది మోతె దగ్గరి పల్లె. గొర్లు కాసే కుటుంబం. మనిషి పొట్టి, సన్నం. నర్సిరెడ్డిది పాలకీడు వైపు. ఆరడుగుల మనిషి, పదో నంబరు చెప్పు. ఒకరు నీళ్లలో ఉంటే రెండోవారు సామాను వేసుకుని గట్టు మీద సిద్ధంగా కూర్చోవాలి. అతన్ని స్టాండ్‌బై డైవర్ అంటాం. వీళ్లు కాక ఒక టెండర్ ఉంటాడు. డైవర్ నడుముకు కట్టిన తాడు పట్టుకునే మనిషి అతనే.

మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు పని మాకు రాబోతోంది. వడ్లు నానబెట్టి ఉడికించిన నీళ్లు పులిసి, నల్లబడి, చర్మానికి తగిలితే దద్దుర్లు లేపుతాయి. మామూలు వెట్‌సూట్ ఒంటికి నీళ్లు తగలనిస్తుంది. అందుకని మొదటిసారి మా శాఖకు డ్రైసూట్లు మంజూరు చేశారు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీలు బిగిసి ఉంటాయి. లోపలికి చుక్క నీరు రాదు. చల్లటి దేశాల్లో చలికి వేసుకునే ఈ సూట్‌ను మా వాళ్లు నలభై డిగ్రీల ఎండలో మురుగు కోసం వేసుకున్నారు. దిగేదాకా టెండర్ వాళ్ల మీద బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఆర్డరు పెట్టే ముందు హెడ్డాఫీసు నన్ను ఒక సిఫారసు అడిగింది. సూట్ కాళ్లకు ఏ ఏర్పాటు కావాలి? ఏర్పాట్లు మూడు రకాలు. మొదటిది, గట్టి సోలున్న రబ్బరు బూట్లు సూట్ కాళ్లకే అతికించి వస్తాయి. రెండోది, సూట్ చివర మెత్తటి మేజోడు మాత్రమే ఉంటుంది. దాని మీద లేసులు కట్టుకునే బూటు విడిగా వేసుకోవాలి. మూడోది, పల్చటి రబ్బరు మేజోడు. అది కాలికి చక్కగా అతుక్కుంటుంది గాని ముల్లు గుచ్చుకుంటే చిరుగుతుంది. మా పనికి అది పనికిరాదని మొదటే కొట్టేశాను.

మిగిలిన రెండింటిలో నేను అతికించిన బూట్లకే ఓటు వేశాను. మురుగులోంచి వచ్చాక ఒక్కసారి కడిగితే చాలు. లేసుల సందుల్లో మురికి నిలవదు. తొడుక్కోవడం సులువు. ఒకే సైజు, తొమ్మిదో నంబరు, తెప్పిస్తే ఇద్దరికీ సరిపెట్టవచ్చు. నర్సిరెడ్డికి కొంచెం బిగుతు, యాదగిరికి కొంచెం వదులు అనుకున్నాను. యాదగిరి కాలు ఎంతో అడగనైనా అడగలేదు. ఉత్తరం రాసి సంతకం పెట్టి పంపించాను.

పరీక్ష కోసం రెండు రకాల సూట్లూ ముందుగా అరువు మీద వచ్చాయి. కాలువ బందు పెట్టినా మిర్యాలగూడ దగ్గర కాలువ గేట్లుండే ఒక రెగ్యులేటర్ ముందు రెండు నిలువుల లోతు మడుగు నిలిచి ఉంది. అక్కడికి తీసుకెళ్లి యాదగిరికి అతికించిన బూట్ల సూట్ తొడిగించి దింపాను. పది నిమిషాలు బాగానే నడిచింది. గేటు అడుగు చూడమని మైకులో చెప్పాను. ముఖమంతా కప్పే మాస్కు కాబట్టి అతని మాట మాకు, మా మాట అతనికి వినిపిస్తుంది. అతను తల కిందికి వంచాడు.

డ్రైసూట్ లోపల ఎప్పుడూ కొంత గాలి ఉంటుంది. ఒంట్లో ఏ భాగం పైకి ఉంటే గాలి అక్కడికి పోతుంది. యాదగిరి వంగగానే గాలంతా కాళ్లలోకి చేరింది. బూటు ముందు భాగం ఖాళీ, అది బుడగలా ఉబ్బింది. అతని పాదం బూటులోంచి జారి సూట్ కాలులోకి వచ్చేసింది. ఈతకు తొడిగే రబ్బరు రెక్కలు, ఫిన్స్, బూట్లకు ఉన్నాయి గాని బూట్లలో పాదాలు లేవు. తన్నుకుని నిటారుగా తిరగడానికి వీల్లేకపోయింది. ఎక్కువైన గాలిని వదిలే కవాటం ఎడమ భుజం మీద ఉంటుంది. తలకిందులైతే అది పనిచేయదు. మేం చూస్తుండగా నీళ్లలోంచి మొదట రెండు ఫిన్స్ నిలువుగా పైకి వచ్చాయి.

స్టాండ్‌బైగా ఉన్న నర్సిరెడ్డి నేను పేరు పిలిచేలోపే దూకాడు. నడుము పట్టి తిప్పాడు. గట్టు మీదికి తెచ్చి మాస్కు తీశాక నేను మొదట అడిగింది ఊపిరి గురించి. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు పగులుతాయి.

"ఇడుసుకుంటనే వచ్చిన సార్, మీరు నేర్పినట్టే," అన్నాడు. తరువాత బూట్లవైపు చూశాడు. "కాలు నాది, బూటు దానిది అయింది. నేను తంతుంటే అది కదలదాయె."

నర్సిరెడ్డి తడి జుట్టు దులుపుకుంటూ, "నీది ఏ నంబరురా?" అని అడిగాడు.

"ఆరు."

ఇద్దరూ నావైపు చూడలేదు. చూసి ఉంటే ఇంత ఇబ్బంది అనిపించేది కాదు.

ఆ సాయంత్రమే హెడ్డాఫీసులోని మేనేజరు గారికి ఫోన్ చేసి నా సిఫారసు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన కోపం తెచ్చుకోలేదు గాని ఒప్పుకోనూ లేదు. మురుగుకు అతికించిన బూట్లే మంచివని రాసింది మీరే కదా అన్నారు. మిల్లు ట్యాంకు అడుగున విరిగిన ఇనుప చువ్వలు ఉన్నాయి, మెత్తటి మేజోడు చిరిగితే ఎవరిది బాధ్యత అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మూడు రోజులు గడువు ఇవ్వండి, రెండో రకం సూట్ మీద సరైన బూటు వేసి చూపిస్తాను అన్నాను.

సరైన బూటే దొరకలేదు. యాదగిరి పాదం ముందు వెడల్పు, మడమ సన్నం. చిన్నప్పటి నుంచి గొర్ల వెంట వట్టి కాళ్లతో తిరిగిన పాదం అది. దాని మీద లోపలి ఊలు మేజోడు, సూట్ మేజోడు కలిస్తే సూర్యాపేటలో ఏ దుకాణంలోని బూటూ పట్టలేదు. కోదాడలో దానమ్మ అనే ఆవిడ బూట్లు కొలిచి కుడుతుందని టెండర్ చెప్పాడు. యాదగిరిని తీసుకుని వెళ్లాను. ఆవిడ యాభై దాటిన మనిషి. తండ్రి దగ్గర నేర్చుకున్న పనిని ఒక్కతే నడుపుతోంది. నేను సూట్ గురించి చెప్పబోతే ఆపింది.

"ముందు ఆ మేజోళ్లన్నీ తొడిగిచ్చండి సారూ. వట్టి కాలు కొలిస్తే ఏం లాభం?"

యాదగిరి ఆ ఎండలో ఊలు మేజోడు, దాని మీద సూట్ కాలు తొడుక్కుని అట్ట మీద నిలబడ్డాడు. ఆవిడ పాదం చుట్టూ గీత గీసింది. తరువాత అతన్ని మునివేళ్ల మీద లేవమంది. మళ్లీ కొలిచింది. నీళ్లలో పాదం చాచి ఉంటుందని నేను చెప్పకుండానే ఆమెకు తట్టింది. తొడుక్కోవడం త్వరగా అవుతుందని పక్కన జిప్పు పెట్టమన్నాను.

"జిప్పులోకి బురద పోతే ఇంక కదలదు సారూ. అప్పుడు కాలు తీసుకోవటం ఎట్టా? లేసయితే వేరే దారి లేకపోయినా కత్తితో కోసుకుంటాడు."

సరే అన్నాను. చీలమండ పైదాకా వచ్చే మందపు కాన్వాసు, పలుచటి రబ్బరు సోలు, లేసుల కింద రెండు పక్కలా మడత పెట్టి కుట్టిన నాలుక, ఫిన్ పట్టీ జారకుండా మడమ మీద చిన్న గాడి. మూడో రోజు వెళ్తే ఒకటి కాదు, రెండు జతలు చేతిలో పెట్టింది. తడిసింది ఆరేదాకా మనిషి ఊరికే కూర్చుంటాడా అంది.

మళ్లీ అదే మడుగులో దింపాను. ఈసారి నేనే కావాలని తలకిందులు కమ్మన్నాను. గాలి కాళ్లలోకి పోయింది, కాని పాదం బూటులోంచి కదలలేదు. యాదగిరి మోకాళ్లు ముడుచుకుని ఒక దొర్లు దొర్లి నిటారుగా నిలబడ్డాడు. మూడుసార్లు చేయించాను. నర్సిరెడ్డికి పదో నంబరు అతికించిన బూటు తెప్పించి తొడిగి చూస్తే అతనికి అదే బాగుంది. అందుకని రెండో సిఫారసులో ఒక్కొక్కరికి ఒక్కో రకం అని రాశాను. ఇద్దరికీ ఒకటే ఉంటే విడి భాగాలు దాచుకోవడం సులువని మేనేజరు గారు ఇంకా గొణుగుతుండగానే మిల్లు నుంచి కబురు వచ్చింది.

ఆ మిల్లు పేరు ఇక్కడ అనవసరం. నేల మీద కట్టిన సిమెంటు ట్యాంకు. మురుగు పక్క గుంటలోకి పోయే షట్టర్ దగ్గర గోనె సంచులు, తవుడు బురద అడ్డుపడ్డాయి. మోటార్లు పెడితే తవుడు పట్టి ఆగిపోతున్నాయి. ట్యాంకు గోడకు పగులు వచ్చి పొద్దుటి నుంచి కారుతోంది. గోడకు ఇరవై అడుగుల దూరంలో బీహార్ నుంచి వచ్చిన హమాలీల రేకుల గదులు ఉన్నాయి. వాళ్లను, పిల్లలను గోదాములోకి మార్చాం. సామానంతా గదుల్లోనే ఉంది. గోడ పోతే ఆ గదులుండవు. ఆ పక్కనే ఉన్న బోరు నీళ్లు కూడా ఇక తాగడానికి పనికిరావు.

షట్టర్ ముందు రెండు గోడల మధ్య సందు ఉంది. నర్సిరెడ్డి భుజాలు అందులో పట్టవు. యాదగిరి ఒక్కడే దిగగలడు, అరువుకు వచ్చిన రెండో రకం సూట్‌లో. గాలిలో విషవాయువు ఉందేమో మీటరుతో చూసి, అతని మేజోడు మీద, బూటు లోపల బ్రష్షుతో తుడిచి తొడిగించాను. ఒక్క ఇసుక రేణువు మధ్యలో ఉన్నా గంటలో మేజోడు కోసేస్తుంది.

లోపల కంటికి చెయ్యి కనిపించదు. తడుముకుంటూ పోయి నాలుగు సంచులు తాడుకు కట్టి పంపాడు. ఐదోదాని కోసం లోపలికి జరిగాడు. తరువాత మైకులో అతని మాట నెమ్మదిగా వచ్చింది.

"సార్, ఎడమ కాలు ఇరికింది. విరిగిన జాలీ చువ్వల నడుమ. తాడు గుంజకుండ్రి, సూట్ చినుగుతది."

టెండర్ చేయి అప్పటికే తాడు మీద బిగుసుకుంది. వదలమన్నాను. గాలి ఎంత ఉందని అడిగాను. సగం మీద ఉన్నది అన్నాడు. నర్సిరెడ్డి దిగుతానని లేచాడు. సందులో ఇద్దరు పట్టరు. ఇంకొకడు కూడా ఇరుక్కుంటే నా దగ్గర మూడో డైవర్ లేడు. నాకు దానమ్మ అన్న మాట గుర్తొచ్చింది.

"యాదగిరీ, చువ్వలు పట్టింది బూటునా, కాలునా?"

తడిమి చూసి, "బూటును సార్" అన్నాడు.

"అయితే ముందు ఫిన్ తీసెయ్. లేసు కొయ్యి. మీది నుంచి కిందికి, ఒక్కొక్కటి. కత్తి మొన బయటికి పెట్టు. బూటు ఆడనే ఇడిసిపెట్టి రా."

అతను ఒక్కో లేసు కోసినప్పుడల్లా లెక్క చెప్పాడు. ఆరోది తెగాక పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "వచ్చింది సార్, కాలొచ్చింది." ఆ వెంటనే, "సంచి ఇంకొక్కటే ఉన్నది, తీసి వస్త," అన్నాడు. వద్దు, పైకి రా అన్నాను. డైవర్ ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ డైవ్ అక్కడితో ముగిసినట్టే. అది రూలు. మిల్లు మనుషులు గోడ పగులు చూపిస్తూ అరుస్తున్నారు. అయినా పైకి రప్పించాను.

పైపుతో కడిగి, మేజోడును సబ్బు నీళ్లతో తడిపి, సూట్‌లోకి గాలి ఎక్కించి చూశాం. ఒక్క బుడగ లేదు. యాదగిరి పావుగంట నీడలో కూర్చున్నాడు. నర్సిరెడ్డి దానమ్మ ఇచ్చిన రెండో జత తెచ్చి తనే అతని కాళ్లకు తొడిగి లేసులు కట్టాడు. పెద్ద రైతు ఇంటి కొడుకు, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో లేసు వేలు పెట్టి బిగుతు చూశాడు. "బిగుతైందా? రక్తం ఆగుతే చెప్పు," అన్నాడు. యాదగిరి నవ్వాడు.

దిగేముందు నేను ఒక్క సంగతే చెప్పాను. ఎడమ వైపు వద్దు, కుడి గోడకు కాలు ఆనించి పని చెయ్యమన్నాను. చివరి సంచి వచ్చింది. తరువాత షట్టర్ చువ్వను గునపంతో ఎత్తాడు. మొదట ఏమీ కాలేదు. రెండోసారికి ట్యాంకు నీటి మీద తవుడు తెట్టు మెల్లగా ఒక వైపుకు జరగడం మొదలైంది. నేను వెంటనే అతన్ని సందులోంచి వెనక్కి రమ్మన్నాను, ప్రవాహం లాక్కునేలోపు. మధ్యాహ్నానికి నీరు సగానికి దిగింది. గోడ కారడం ఆగింది. సాయంత్రం హమాలీలు తమ గదుల్లో పొయ్యిలు వెలిగించుకున్నారు. వాళ్లలో ఒకామె యాదగిరికి స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆమె మాట అతనికి రాదు, అతని మాట ఆమెకు రాదు. చాయ్ తాగి గ్లాసు కడిగి ఇచ్చాడు.

నేను హెడ్డాఫీసుకు రెండు పేజీల నివేదిక రాశాను. అతికించిన బూటు అయితే మనిషిని విడిపించడానికి సూట్‌నే కోయాల్సి వచ్చేదని, ఆ నీళ్లు ఒంటికి తగిలేవని, అందుకు ఇంకెవరినీ తప్పు పట్టలేమని, ఎందుకంటే ఆ బూటు సిఫారసు చేసింది నేనేనని రాశాను. దానమ్మ పేరు, జిప్పు గురించి ఆమె చెప్పిన కారణం కూడా రాశాను. మేనేజరు గారు ఒక్క మాట మార్చకుండా మిగతా శాఖలకు పంపారు. అప్పటి నుంచి సూట్ ఆర్డరు కాగితంలో డైవర్ పేరు పక్కన పాదం కొలత రాసే గడి చేరింది. కొలత లోపలి మేజోడుతో సహా తీసుకోవాలని దాని కింద ఉంటుంది.

ఆ పని నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. సామాను మంచిదా కాదా అన్నది తయారుచేసిన వాళ్ల పుస్తకం చూసి చెప్పలేం, దాన్ని తొడుక్కునే మనిషిని చూసి చెప్పాలి. ఇరుకున పడ్డప్పుడు విప్పి వదిలేయగలిగేది ఏది, వదల్లేనిది ఏది అన్నది గట్టు మీద ఉండగానే తేల్చుకోవాలి. తప్పు రాసిన సూపర్‌వైజర్ ఆ తప్పును తన సంతకంతోనే దిద్దాలి. అలా దిద్దినందుకు నా మాట బరువు తగ్గలేదు. తరువాతి రెండేళ్లలో యాదగిరి, నర్సిరెడ్డి నేను దిగమన్న ప్రతి చోటా దిగారు, పైకి రమ్మన్నప్పుడల్లా వచ్చారు.