కొత్తపట్నంలో ఒక్కదాన్నే లేచి నిలబడ్డ క్రిస్మస్

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. ఇంట్లో మనిషి పోయాక పండగకి చుట్టాలింటికి వెళ్లాలంటే భయపడేవాళ్లు నాలాగా ఇంకా ఉంటారని ఈ ప్రయాణం చెబుతున్నాను.

అది రెండు వేల రెండు. మా ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది. మా అక్క సుగుణమ్మది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. ఏటా క్రిస్మస్ సాయంత్రం వాళ్లింట్లో అందరం కూర్చుంటాం. ఒక్కో జంటా లేచి నిలబడాలి. ఆ ఏడు దేవుడు చేసిన మేళ్లకు మగమనిషి స్తోత్రం చెబుతాడు, పక్కన ఆడమనిషి ఆమెన్ అంటుంది. ఇరవై రెండేళ్లు నేను ఆమెన్ తప్ప ఇంకో మాట అనలేదు. ఆయన పోయిన మొదటి పండక్కి ఒక్కదాన్నే లేచాను. ఆయన మొదలుపెడతాడని చూస్తున్నదానిలా అలాగే నిలబడి, చివరికి ఏడుస్తూ బయటికి పరుగెత్తాను.

తర్వాత నిద్ర పట్టడం మానేసింది. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి కూడా పోలేకపోయాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ మనసుకి మందు రాసింది. "పండగపూట ఒక్కదానివే ఉండొద్దమ్మా, మీవాళ్ల దగ్గరికి వెళ్లు. గుండె పట్టేసినట్టుంటే కాసేపు పక్కకి పో. బిళ్ల మాత్రం మానొద్దు" అంది. ఈసారి కూడా పారిపోతే ఇక ఆ గడప తొక్కలేనని నాకు తెలుసు.

డిసెంబరు ఇరవై నాలుగు, పొద్దున ఆరున్నరకి గుంటూరులో ఒంగోలు బస్సెక్కాను. చిలకలూరిపేట దాటాక పత్తిచేలల్లో ఆడవాళ్లు ఒడులు కట్టుకుని పత్తి తీస్తున్నారు. పక్కసీటు ముసలామె నా మొహం చూసి, "పండక్కేగా పోయేది? ఏడ్చినా నవ్వినా టికెట్టు అంతేనే తల్లీ" అంది. నాకు నవ్వు రాలేదు. ఆమే నవ్వుకుని జామకాయ చేతిలో పెట్టింది. పావుతక్కువ పదికి ఒంగోలు. టీ తాగి, పదిన్నరకి కొత్తపట్నం బస్సు. ముప్పావుగంటలో అక్క ఇల్లు.

మర్నాడు సాయంత్రం ఆరింటికి కూర్చున్నాం. బావగారు బళ్లో మేష్టారు. ముందు ఆయనా అక్కా లేచారు, తర్వాత వాళ్ల కొడుకూ కోడలూ. నా వంతు వచ్చింది. లేచి, అలవాటుగా ఎడమపక్కకి చూశాను.

"ఒక్క మాట చెప్పి కూర్చో మార్తా. ప్రాణాలతో ఉంచినందుకు చెప్పు. అవతల బిర్యానీ చల్లారిపోతా ఉంది" అన్నాడు బావగారు.

"ప్రాణాలతో ఉన్నందుకు నాకేం సంతోషంగా లేదు బావగారూ. అబద్ధం చెప్పలేను."

"దేవుడి ముందు అయ్యేం మాటలు?"

అక్క ఆయన పక్కనుంచి లేచి వచ్చి నా ఎడమపక్కన నిలబడింది. "దాన్ని చెప్పనీయండి. నువ్వు చెప్పవే, ఆమెన్ నేనంటా."

"రాత్రి మూడు గంటలు నిద్ర పట్టింది. స్తోత్రం" అన్నాను. అక్క ఆమెన్ అంది. "బిళ్ల రాసిన డాక్టరమ్మకి స్తోత్రం."

"మందులక్కూడానా?" అని గొణిగాడు బావగారు.

"పోయినేడు మీ బీపీ బిళ్లకి మీరు చెప్పలా?" అంది అక్క. కోడలు నవ్వాపుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయన్ని తీసుకుపోయినందుకు మాత్రం చెప్పలేను. ఆయన గొంతు ఎట్టా ఉండేదో మరిచిపోతున్నానక్కా."

దానికి అక్క ఆమెన్ అనలేదు. నా చెయ్యి పట్టుకుంది. బావగారు తల వంచుకున్నాడు. "సరే మార్తా. అది అట్టా ఉంచుదాం" అన్నాడు.

డాక్టరమ్మ చెప్పినట్టే దొడ్లోకి పోయి కాసేపు కూర్చున్నాను. ఎవరూ వెనక రాలేదు. తిరిగొచ్చి అన్నం తిన్నాను.

కొత్త సంవత్సరం దాకా ఉండాలనుకున్నా, ఇక నావల్ల కాక ఇరవై ఏడు పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కాను. అక్క ఆపలేదు. ఒంగోలు నుంచి చిలకలూరిపేట దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. దుఃఖం ఏమీ తగ్గలేదు. కాకపోతే అది ఇప్పుడు మావాళ్లకి కూడా తెలుసు. ఇలాంటి పండక్కి వెళ్లేవాళ్లు మీవాళ్లలో ఒకరిని పక్కన నిలబడమని ముందే అడగండి. నేను అడగలేదు. అక్కకి తోచింది. తోచకపోతే ఏమైపోయేదాన్నో, గుంటూరులో దిగి ఇంటికి నడుస్తూ కూడా అదే అనుకున్నాను.