నూగు కొమ్ముల పెండ్లికొడుకు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. ఆ పెద్దలు నీలాను చూడలేదు. నీలా నోరు ఏమంత మంచిది కాదు, అయినా ఆమె తండా చల్లగానే ఉంది. త్రిపురారం అవతల, కాలువ నీళ్లెక్కని మెరక మీద, అడవిని ఆనుకుని ఉంటుందా తండా. అందులో చిట్టచివరి చేను నీలాది. అది దాటితే ఇక చెట్లే. అడవిలోంచి దుప్పి బయటికొస్తే మొదట తినేది నీలా పల్లి చేను, ఆ వెంటనే నీలా తిట్లు.

తిట్టడంలో ఆమెకు సాటి లేరు. కూతురు సుకన్య పెండ్లిలో ఆ సంగతి నలుగురికీ తెలిసింది. లంబాడీల పెండ్లికొడుకు అత్తగారి తండాలో కొన్నాళ్లు మకాం వేయాలి. వెనకటికి నెలలు ఉండేవాడట, ఇప్పుడు రెండు మూడు రోజులకొచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్లు అతణ్ణి ఎన్నయినా తిట్టొచ్చు, ఎంతయినా ఏడిపించొచ్చు. చేయి మాత్రం ఎత్తకూడదు. కోదాడ వైపు నుంచి వచ్చిన ఆ అల్లుణ్ణి నీలా తిట్టిన తిట్లకు అతని చుట్టాలు అలగబోయి, ఆపుకోలేక నవ్వేశారు. ఈ మధ్య తిట్టడం తగ్గించారేంటత్తా అని అల్లుడు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటాడు.

నవ్వులు అలా ఉంచితే, ఆ చేనే నీలా ప్రాణం. భర్త పోయాక ఆమె మిర్యాలగూడలో రైస్ మిల్లుకు వెళ్లి తవుడు బస్తాలు మోసింది. ఆ దుమ్ముకు దగ్గి దగ్గి, ఇక చాలనుకుని తిరిగొచ్చి పడావు పడ్డ భూమిని తన చేతులతో బాగు చేసుకుంది. నిరుడు ఆ చేను దుప్పుల పాలైంది. ఈసారి కూడా పోతే భూమి కౌలుకిచ్చి మళ్లీ మిల్లుకు పోవడమే. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు గొంతులో తవుడు అడ్డం పడినట్టుండేది.

అడవి పందుల్ని సర్కారువాళ్లు తుపాకీతో కాల్చనిస్తున్నారు కదా, గట్టిగా అడిగితే దుప్పుల్ని కూడా కాల్చనిస్తారని ఆ యేడు ఒక మాట పుట్టింది. నిజమో కాదో ఎవరికీ తెలియదు. తండాలో మాత్రం అప్పుడే రెండు పక్షాలు తయారయ్యాయి. దుప్పి పాత కొమ్ములు రాలి కొత్తవి మొలిచేటప్పుడు వాటి మీద మెత్తని నూగు తోలు ఉంటుంది. ఆ నూగు ఊడి కొమ్ము గట్టిపడ్డాకే వేట అనేది ముసలివాళ్ల కట్టుబాటు. అడిగితే ఎండాకాలానికే అడగండి అన్నారు వాళ్లు. నీలా మరిది హరిలాల్ చేను ఆమె చేను పక్కనే. అతనికి ఒళ్లు మండింది.

"ఎండకాలం చేన్ల ఏముంటది, రాళ్లు తప్ప? కొమ్ము మెత్తగున్నప్పుడే గదా పల్లి పచ్చగుండేది" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. నీలా కూడా అవునంది.

అటవీ శాఖ ఆఫీసరు ఒకాయన రైతుల మాట వినడానికి తండాకు వచ్చాడు. మిర్యాలగూడ నుంచి రైతు సంఘం బిక్షపతి కూడా వచ్చాడు. వస్తూనే అతను నీలాను వెతికి పట్టుకుని, చేను పోయింది నీది, నోరున్నది నీకు, నువ్వే చెప్పాలక్కా అన్నాడు. నీలా కొంగు బిగించి లేచింది.

"సారూ, వాడు దొంగ లెక్క రాడు. పొద్దుగూకంగ దర్జాగ వస్తడు. తలకు పాగ సుట్టినట్టు మెత్తటి కొమ్ములు, ఒంటి నిండ సుక్కలు. ఓ పెండ్లికొడుకా, అత్తగారింటికొచ్చినవా, ఇంకింత వడ్డించాల్నా అని అడుగుత..."

జనం పగలబడి నవ్వారు. నీలా నవ్వలేదు. ఉన్నట్టుండి ఆగిపోయింది. నోరా వీపుకు దెబ్బలు తేకే అంటారు చూడండి, సరిగ్గా అదే జరిగింది. ఇన్నాళ్లూ తను ఆ దుప్పిని ఏమని పిలుస్తోందో ఆమె చెవికి ఆ క్షణాన ఎక్కింది.

"నవ్వకుర్రి" అంది. "నా నోటితోని పెండ్లికొడుకా అని పిలిసి, ఇప్పుడు సంపుమని ఎట్ల జెప్త? ఆ పాగ ఊడి కొమ్ము గట్టివడ్డంక మీ ఇష్టం. నూగు మీదున్నన్నాళ్లు నా చేన్ల తుపాకి వద్దు."

దుప్పులు దిగేది ఆమె చేనులోకే. అక్కడ వద్దంటే ఇక మాటే లేదు. మీలో మీకే ఒక్కమాట లేనప్పుడు నేను పైకి ఏం చెప్పనని ఆఫీసరు వెళ్లిపోయాడు. హరిలాల్ అందరి ముందే నిలదీశాడు.

"వదినా, వాడు మొత్తం బుక్కితే నువ్వు మిల్లుకు వోతవ్. మరి నేను?"

"నీ చేను గూడ నేనే కాస్త. తిట్టుడు నాకొచ్చిన పని."

హరిలాల్ ఆమెతో మాటలు మానేశాడు. నీలా మాత్రం మాట తప్పలేదు. పొద్దు వాలగానే గట్టెక్కి రెండు చేన్ల తరఫునా గొంతు చించుకుని తిట్టేది. తెల్లవారుజామున మళ్లీ మొదలు. మంచులో తడిసి, జ్వరమొచ్చినా గొంగడి కప్పుకుని వచ్చి తిట్టేది. పంతాలు చాలామందికి ఉంటాయి. పంతం ఖరీదు తన ఒంటితో చెల్లించుకునేవాళ్లు అరుదు, నీలా అలాంటి మనిషి.

చలి ముదిరిన ఒక సాయంత్రం చేను వైపు నుంచి తిట్లు వినపడలేదు. హరిలాల్‌ గబుక్కున లేచాడు. కర్ర పట్టుకుని పరుగున వెళ్లాడు. నీలా గట్టు మీదే నిలబడి ఉంది. నోరు తెరుస్తోంది, గొంతు రావడం లేదు. పల్లి చేను నడుమ నూగు కొమ్ముల దుప్పి తీరుబడిగా మేస్తోంది. కాళ్ల దగ్గర రాళ్లున్నాయి, ఆమె ఒక్కటీ ముట్టలేదు. రెండు చేతులూ చరుస్తూ, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని మరిది వైపు చూసింది.

హరిలాల్ కర్ర ఎత్తాడు. విసిరితే తగిలేంత దగ్గరలో ఉంది దుప్పి. కర్ర దించి, గొంతెత్తి అరిచాడు.

"ఓ పెండ్లికొడుకా, సిగ్గులేదా, అత్తకు పాణం బాగలేకున్నా ఇంకా తింటున్నవ్?"

దుప్పి ఒక్క ఉదుటున అడవిలో పడింది. నీలా చప్పుడు లేకుండా నవ్వింది.

ఆనాటి నుంచి ఆమె గొంతు తిరిగొచ్చేదాకా రెండు చేన్లకూ హరిలాలే తిట్టాడు. ఆమెంత బాగా కాదు, అయినా పని జరిగింది. కొంత పోయింది, చాలా మిగిలింది. పల్లి పీకాక నీలా అడుగు మిల్లు వైపు పడలేదు.

వానాకాలం ముందు బిక్షపతి మళ్లీ వచ్చాడు. ఈసారి నీలా జోలికి పోకుండా నేరుగా హరిలాల్ దగ్గరికి వెళ్లి, దుప్పుల్ని కాల్చనివ్వమని ఈసారి సభలో నువ్వు మాట్లాడు తమ్మీ అన్నాడు. హరిలాల్ తల అడ్డంగా ఊపాడు.

"నన్నడగకు అన్నా. నేను గూడ తిట్టిన."